అంగవైకల్య నిర్ణయము: అప్పీలునకు వలసిన వైద్యసాక్ష్యము

ఒక మనిషి నడువలేకపోవుట అతని ఇంటివారికి తెలియును. ఇరుగుపొరుగు వారికి తెలియును. నెలనెలా పింఛను సొమ్ము చేతికిచ్చి పోవువారికిని తెలియును. కాని ఆ సంగతి చట్టమునకు తెలియవలెనన్నచో దానికి వేరొక త్రోవ కలదు. చట్టము ఆ మనిషిని చూడదు. వైద్యుడు చూచి, కొలిచి, నూటికి ఇంత అని వ్రాసిన కాగితమును మాత్రమే చూచును. ఆ కాగితము 40 శాతము అని పలికినచో పింఛను వచ్చును. 38 అని పలికినచో రాదు. ఈ రెండంకెల నడుమనున్న సన్నని సందులో ఎన్నియో కుటుంబముల నెల గడుపుబడి చిక్కుకొని యున్నది. ఆ కాగితము తప్పు పలికినదని తోచినపుడు ఏమి చేయవలెను, అప్పీలు చేయువాడు ఎట్టి వైద్యసాక్ష్యమును ఎట్లు కూర్చుకొనవలెను అను విషయమును గూర్చి నేడు నాలుగు మాటలు చెప్పదలచినాము.

ఈ ప్రశ్న మన రాష్ట్రములలో ఇటీవల ఎందరి ఇండ్లనో తట్టినది. ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పింఛను 2024 జులైలో నెలకు 3,000 రూపాయల నుండి 6,000 రూపాయలకు పెరిగినది. పూర్తిగా మంచము పట్టినవారికి 15,000 రూపాయలుగా నిర్ణయించిరి. తెలంగాణములో ఈ పింఛనును 2023లో 4,016 రూపాయలు చేసిరి. మొత్తము పెరిగిన కొలది పరీక్షయు గట్టిపడుట సహజము. 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము పింఛనుదారులను వైద్యులచేత మరల పరీక్ష చేయించి, 40 శాతమునకు తక్కువ వచ్చినవారికి ఆగస్టు నెలలో నోటీసు లిచ్చినది; అప్పీలు చేసికొనుటకు అవకాశమును గూడ ఇచ్చినది. అనర్హులను ఏరివేయుట ప్రభుత్వమునకు విధి. ఆ ఏరివేతలో అర్హుడొకడు కొట్టుకొని పోకుండ కాపాడుటకే అప్పీలు అను ఏర్పాటు ఉన్నది. కావున అప్పీలు చేయుట తగవు కాదు, ధిక్కారము కాదు; చట్టమే చూపిన ద్వారము.

ఆ చట్టమేదో ముందుగా తెలిసికొందము. దివ్యాంగుల హక్కుల చట్టము 2016లో వచ్చి, 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోనికి వచ్చినది. అంతకు పూర్వముండిన 1995 నాటి చట్టము ఏడు రకముల వైకల్యములను మాత్రమే గుర్తించెడిది. క్రొత్త చట్టము 21 రకములను గుర్తించినది. పోలియో కాలు, చూపు లేని కన్ను మొదలగు పాత సంగతులతోపాటు పార్కిన్సన్ వ్యాధి, హీమోఫీలియా, తలసేమియా, సికిల్ సెల్ వ్యాధి, మాట పడిపోవుట మొదలగునవి అందు చేరినవి. నూటికి 40కి తగ్గని వైకల్యమే పెక్కు సదుపాయములకు హద్దుగా నిలిచినది. వైకల్యమును నిర్ణయించి సర్టిఫికెట్టు ఇచ్చు అధికారి నిర్ణయము నచ్చనివారు రాష్ట్రప్రభుత్వము నియమించిన పై అధికారికి అప్పీలు చేసికొనవచ్చునని ఆ చట్టములోని 59వ సెక్షను చెప్పుచున్నది. మన ప్రజలు ‘సదరం సర్టిఫికెట్టు’ అని వాడుకగా చెప్పుకొను కాగితమునకును ఇదియే మూలము. సర్టిఫికెట్టు నిరాకరించినచో అందులకు కారణమును వ్రాతమూలముగా తెలుపవలెనని నియమములు చెప్పుచున్నవి. ఆ కారణమును అడిగి పుచ్చుకొనుట అప్పీలునకు తొలిమెట్టు.

ఇక అసలు విషయము. అప్పీలునకు పోవువారిలో పెక్కుమంది ఒక నమ్మకముతో పోవుదురు: పెద్ద జబ్బు పేరు చెప్పినచో పెద్ద శాతము వచ్చునని. ఇది నిజము కాదు. జబ్బు పేరు సాక్ష్యము కాదు. ఆ జబ్బు మనిషినుండి ఎంత శక్తిని తీసికొనిపోయినది అనునదే సాక్ష్యము. నల్లగొండ జిల్లాలోని ఫ్లోరోసిస్ బాధితులను చూడుడు. నీటిలోని ఫ్లోరైడు ఏండ్ల తరబడి ఎముకలలో చేరి, కీళ్ళను బిగించి, వెన్నును వంచినది. ఎక్స్-రే తీసినచో ఎముక మార్పు స్పష్టముగా కన్పించును. కాని శాతమును ఇచ్చునది ఆ ఎక్స్-రే కాదు. మోకాలు ఎన్ని డిగ్రీలు వంగుచున్నది, మెడ ఎంత తిరుగుచున్నది, చేయి భుజముమీదికి ఎంతవరకు లేచుచున్నది అని గోనియోమీటరు అను కొలతసాధనముతో కొలిచి వ్రాసిన అంకెలే శాతమును ఇచ్చును. ఎక్స్-రే ఆ కొలతకు కారణమును చెప్పును. కొలత ఆ కారణమునకు ఫలమును చెప్పును. రెండును కలిసియుండవలెను. నరముల జబ్బుల విషయములో ప్రభుత్వ మార్గదర్శకములు ఈ సూత్రమును స్పష్టముగానే పెట్టినవి: కొలువవలసినది వ్యాధిని గాదు, వ్యాధివలన శరీరములో కన్పించు ఫలితమును.

కావున సాక్ష్యమును కూర్చువారు మూడు ప్రశ్నలను మనస్సులో నుంచుకొనవలెను. ఈ లోపము ఏ కారణమువలన వచ్చినది? ఇది ఎన్నాళ్ళనుండి యున్నది, ఇకముందు తగ్గునా, తగ్గదా? దీనివలన ఏ శక్తి ఎంత పోయినది? చేతిలోని ప్రతి కాగితమును ఈ మూడింటిలో దేనికి జవాబిచ్చుచున్నదని అడుగవలెను. ఏ ప్రశ్నకును జవాబియ్యని కాగితము బరువే గాని బలము కాదు. మూడింటిలో ఏ ప్రశ్నకు కాగితము లేదో, అచ్చటనే అప్పీలు కుంటుపడును.

మొదట చేయవలసిన పని నోటీసును, దానితో కూడిన సర్టిఫికెట్టును నెమ్మదిగా చదువుట. శాతమును చూచి కలవరపడి కాగితమును మడిచిపెట్టువారు అనేకులు. అందు వ్రాసిన ప్రతి మాటయు ముఖ్యమే. తప్పు సామాన్యముగా నాలుగు విధములుగా నుండును. కొలత తక్కువ పడియుండవచ్చును. ఒక లోపమును కొలిచి, రెండవదానిని విడిచిపెట్టి యుండవచ్చును. శాశ్వతమైనదానిని తాత్కాలికమని వ్రాసియుండవచ్చును. లేదా లోపము యొక్క రకమునే వేరుగా వ్రాసియుండవచ్చును. ఈ నాలుగింటిలో మన ఫిర్యాదు ఏది అని తేల్చుకొనకుండ సాక్ష్యమును వెదకుట, ఏ ఊరు పోవలెనో తెలియకుండ బండి ఎక్కుట వంటిది. అప్పీలు గడువును గూడ ఆ నోటీసులోనే చూచి, గోడమీది కాలెండరులో గుర్తు పెట్టుకొనవలెను.

రెండవ విధమైన తప్పును గూర్చి ఒక ఉదాహరణము చెప్పెదము. డెల్టా ప్రాంతములోని ఒక గ్రామమునుండి ఒక ఇల్లాలు మాకు వ్రాసిన ఉత్తరమిది. ఆమె భర్త సంతలలో కేక వేసి బట్టలు అమ్ముకొని బ్రతికెడివాడు. పక్షవాతము వచ్చి కుడిచేయి, కుడికాలు పడిపోయినవి, మాటయు పోయినది. రెండేండ్ల వ్యాయామ చికిత్సతో కాలు కొంత స్వాధీనమైనది. చేయి సగము వచ్చినది. మాట మాత్రము రాలేదు. పరీక్షనాడు నడిపించి చూచిరి, చేయి ఎత్తించి చూచిరి. 40కి తక్కువ అని వ్రాసిరి. మాటను గూర్చి ఆ కాగితములో ఒక్క అక్షరము లేదు. ‘అడుగనిదే అమ్మయైనను పెట్టదందురు గదా, అడుగుటకు నోరే లేనివాని గతి ఏమి?’ అని ఆమె వ్రాసినది.

ఆమె ప్రశ్నలోనే జవాబున్నది. మెదడు దెబ్బతినుటవలన మాట పోవుటను వైద్యులు అఫేసియా అందురు. 2016 నాటి చట్టము దానిని వాక్కునకును, భాషకును సంబంధించిన ప్రత్యేక వైకల్యముగా పేర్కొన్నది. అనగా అది చేయికాళ్ళ లోపములో కలిసిపోవునది కాదు, విడిగా కొలువవలసినది. రెండు లోపములున్నపుడు వానిని కలుపుటకు మార్గదర్శకములలో ఒక లెక్క కలదు. పెద్ద అంకెను అట్లే ఉంచి, 90 లోనుండి దానిని తీసివేసి, మిగిలినదానిని చిన్న అంకెతో హెచ్చించి, 90 చేత భాగించి, వచ్చినదానిని పెద్ద అంకెకు కలుపవలెను. లెక్క తెలియుటకు మాత్రమే ఊహించి చెప్పుచున్నాము: చేయికాళ్ళ లోపము 36, మాట లోపము 18 అనుకొందము. 90లో 36 పోగా 54. దానిని 18తో హెచ్చించి 90 చేత భాగించినచో 10.8. మొత్తము 46.8. విడివిడిగా చూచినచో రెండును 40కి లోబడియే యున్నవి. కలిపినచో హద్దు దాటినది. ఒక లోపమునకు పరీక్ష కాగితము లేకపోవుట ఎంత నష్టమో ఈ చిన్న లెక్క చెప్పుచున్నది.

భర్తకు స్పీచ్ థెరపిస్టుచేత మాట పరీక్ష చేయించి, ఆ నివేదికను, పక్షవాతము వచ్చిన నాటి మెదడు స్కానింగును జతపరచి, ‘మాట లోపమును కొలువలేదు’ అను ఒక్క కారణముమీదనే అప్పీలు వ్రాయుమని ఆమెకు మేము తెలిపినాము. ఫలితమింకను రాలేదు. కాని ఇపుడు ఆమె అర్జీ జాలిని కోరుట లేదు. జరుగని కొలతను జరుపుమని కోరుచున్నది. రెంటికిని భేదమున్నది. జాలి చూపుట అధికారి ఇష్టము. కొలుచుట అతని విధి.

ఇక పాత కాగితముల సంగతి. లోపము ఎన్నాళ్ళనుండి యున్నదో చెప్పగలవి అవియే. ఓ.పి. చీటీలు, ఆసుపత్రినుండి పంపునపుడు ఇచ్చిన డిశ్చార్జి కాగితము, ఆపరేషను వివరము, స్కానింగు రిపోర్టులు, మందుల చీటీలు: వీనిలో ఏదియు తీసివేయదగినది కాదు. పోగొట్టుకొన్నవారు నిరాశపడనక్కరలేదు. వైద్యుల ప్రవర్తనను గూర్చిన 2002 నాటి నిబంధనలు రెండు సంగతులు చెప్పుచున్నవి. ఆసుపత్రిలో చేరి చికిత్స పొందినవారి రికార్డులను చికిత్స మొదలైన నాటినుండి మూడేండ్లు భద్రపరుపవలెను. రోగి గాని అతని తరపువారు గాని అడిగినచో 72 గంటలలో ఆ రికార్డుల నియ్యవలెను. కావున అర్జీ వ్రాసి, తేదీ వేసి, అందినట్లు సంతకము పుచ్చుకొని అడుగవలెను. ప్రభుత్వాసుపత్రులలో 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద గూడ నకళ్ళు కోరవచ్చును. మూడేండ్లు దాటిన రికార్డు ఆసుపత్రిలో ఉండునన్న భరోసా లేదు గనుక అసలు కాపలా ఇంటివారిదే. దీపముండగనే ఇల్లు చక్కబెట్టుకొనవలెనను సామెత ఈ కాగితములకును వర్తించును. నేటి చీటీలలో కొన్ని వేడి అచ్చు కాగితముమీద వచ్చుచున్నవి. ఒకటి రెండేండ్లలో వానిమీది అక్షరములు వెలిసిపోవును. అందిన దినముననే జిరాక్సు తీయించుట మంచిది. వానాకాలములో ఎక్స్-రే ఫిల్ములు ఒకదానికొకటి అంటుకొనకుండ విడివిడి కవరులలో నుంచవలెను.

పేరు విషయమును గూడ ఇచ్చటనే చెప్పవలెను. మన ఇంటిపేర్లు ఒక కాగితములో ముందు, ఒకదానిలో వెనుక వచ్చును. ఒకచోట పొడి అక్షరము, మరియొకచోట పూర్తిపేరు ఉండును. వయస్సు ఆసుపత్రి చీటీలో ఎవరికి తోచినట్లు వారు వ్రాయుదురు. పదేండ్ల చికిత్స కాగితములు ఒకే మనిషివని ఋజువు కాకపోయినచో అవి ఉండియు లేనట్లే. ఆధారు కార్డులోని పేరుతో సరిచూచుకొని, తేడా యున్నచోట దానిని అర్జీలో ఒక వాక్యములో వివరింపవలెను.

పాత కాగితము చరిత్రను చెప్పును. నేటి స్థితిని చెప్పుటకు క్రొత్త పరీక్ష కావలెను. ఏ లోపమునకు ఏ పరీక్ష యో తెలిసికొనుట అవసరము. కంటి విషయములో మంచి కంటిని, అదియు తగిన అద్దములు పెట్టిన పిమ్మటనే లెక్కింతురు. మంచి కంటి చూపు 6/18 స్థాయిని మించక, 3/60 వరకు ఉండువారిని చట్టము మందదృష్టి గలవారనుచున్నది. 3/60 కంటె తక్కువయైనచో అంధత్వము. కాని చూపునకు పదునే గాక వైశాల్యము కూడ ఉన్నది. నీటికాసులు, అనగా గ్లాకోమా, వచ్చినవారిలో కొందరు ఎదుటి బల్లమీది చిన్న అక్షరములను చదువగలరు. ప్రక్కనున్న స్తంభమునకు తగిలి పడుదురు. చూపు కోణము 40 డిగ్రీలకు తగ్గినచో మందదృష్టి, 10 డిగ్రీలకు తగ్గినచో అంధత్వము అని చట్టమే చెప్పుచున్నది. అట్టివారు అక్షరముల పట్టిక పరీక్షతో సరిపెట్టుకొనక, పెరిమెట్రీ అను చూపు వైశాల్య పరీక్షను చేయించి జతపరుపవలెను.

చెవుల విషయములో రెండు చెవులకును ఆడియోగ్రాము కావలెను. మాటలాడు శబ్దముల స్థాయిలో రెండు చెవులలోను 70 డెసిబెల్ల నష్టమున్నచో బధిరత్వము. 60 నుండి 70 వరకు ఉన్నచో వినికిడి మందముగా పరిగణింతురు. బీప్ శబ్దము విన్నంతనే మీట నొక్కుమన్నచో చిన్నపిల్లలు నొక్కలేరు. అట్టివారికి నరముల స్పందనను యంత్రమే నమోదు చేయు బెరా అను పరీక్ష ఉన్నది.

కన్నులకు కనబడని లోపముల వారికే సాక్ష్యము మరింత ముఖ్యము. సికిల్ సెల్ వ్యాధి మన మన్యప్రాంతపు గిరిజన కుటుంబములలో ఉన్నది. నొప్పి లేని దినమున ఆ రోగి అందరివలెనే కన్పించును. అతని తరపున మాటలాడునవి ఆసుపత్రిలో చేరిన తేదీలు, రక్తమెక్కించిన నమోదులు, రక్తపరీక్ష రిపోర్టులు. తలసేమియా బిడ్డల తలిదండ్రులు రక్తమెక్కించిన ప్రతి పర్యాయమును వరుసగా వ్రాసిన పుస్తకమునకు మించిన సాక్షి లేదు. పార్కిన్సన్ వ్యాధిలో మాత్ర వేసికొన్న కొంతసేపటికి వణకు, బిగువు తగ్గి మనిషి తేలికగా తిరుగును. మాత్ర ప్రభావము తీరగనే మరల కట్టుబడిపోవును. పరీక్ష ఏ సమయమున జరిగినదో, మాత్ర ఎప్పుడు వేసికొన్నదో బోర్డు వైద్యులకు చెప్పుటయు సాక్ష్యమే.

మానసిక వ్యాధుల కొలతకు ఐడియాస్ అను కొలమానము కలదు. భారతీయ మనోవైద్యుల సంఘము దీనిని రూపొందించినది. తన పనులు తాను చేసికొనుట, ఇతరులతో మెలగుట, మాటలు తెలిసికొని తెలుపుట, ఉపాధి పని అను నాలుగు విషయములలో ఒక్కొక్కదానికి సున్న నుండి 4 వరకు అంకెలు వేయుదురు. వీనికి తోడు జబ్బు ఎన్నేండ్లదో చూచి 1 నుండి 4 వరకు కలుపుదురు. పదేండ్లు దాటినచో 4. మొత్తము 7 వచ్చినచో 40 శాతపు హద్దును చేరినట్లు. పన్నెండేండ్ల క్రిందటి తొలి ఓ.పి. చీటీ, ఇంటివారు పనికిరాదనుకొన్న ఆ పసుపుపచ్చని కాగితము, ఇచ్చట ఎంత విలువ చేయునో శ్రోతలే గ్రహింపవచ్చును.

చికిత్స చేయుచున్న వైద్యుని లేఖను గూర్చి ఒక మాట. చాలమంది వైద్యునివద్దకు పోయి ‘ఒక సర్టిఫికెట్టు వ్రాసి పెట్టుడు’ అందురు. ఆయన ‘ఈ రోగికి అంగవైకల్యము కలదు, దయతో సాయము చేయగలరు’ అని వ్రాసి ఇచ్చును. ఆ లేఖవలన ఉపకారము స్వల్పము. అట్లే ‘నా అభిప్రాయములో 60 శాతము’ అని వ్రాసినను ప్రయోజనము లేదు. శాతమును నిర్ణయించు అధికారము ధ్రువీకరణాధికారిది. వైద్యుని అడుగవలసినది వేరు. ఎప్పటినుండి చూచుచున్నాడు, రోగనిర్ణయమేమి, దానిని ఏ పరీక్ష స్థిరపరచినది, ఏ చికిత్స జరిగినది, ఇక బాగుపడు అవకాశమున్నదా, నేటి కొలతలు ఏవి: ఇవి వ్రాయుమని కోరవలెను. కీలు ఎన్ని డిగ్రీలు కదలుచున్నది, కాలు ఎంత పొట్టియైనది, కండబలము సున్న నుండి 5 వరకు గల వరుసలో ఎచ్చట నున్నది అని అంకెలు పడవలెను. ఆ వరుసలో సున్న అనగా కదలికయే లేకపోవుట. 3 అనగా బరువేమియు లేకున్న అవయవము పైకి లేచుట. 5 అనగా పూర్తిబలము. చివర తేదీ, సంతకము, వైద్యుని రిజిస్ట్రేషను సంఖ్య, ముద్ర ఉండవలెను. పది పేజీల పొగడ్తకంటె పది పంక్తుల కొలతలు మేలు.

శాశ్వతమా, తాత్కాలికమా అను ప్రశ్నకు జవాబు ఈ లేఖలోనే లభించును. మెదడు, నరముల జబ్బులలో సామాన్యముగా జబ్బు వచ్చిన ఆరు నెలలు గడచిన పిమ్మటనే కొలుతురు. అంతవరకు దేహము తేరుకొనుచుండును. చికిత్స పూర్తియైనను లోపము నిలిచియేయున్నదని వైద్యుడు తేదీలతో వ్రాసినచో, తాత్కాలికమను మాటకు అది సూటియైన సమాధానము.

వైద్యులు కానివారి మాటకు విలువ లేదా అని కొందరు అడుగుదురు. ఉన్నది, కాని దాని స్థానము రెండవది. బుద్ధిమాంద్యమును నిర్ణయించునపుడు తెలివి పరీక్షతోపాటు, బిడ్డ తన బట్ట తాను తొడుగుకొనునా, అంగడికి పోయి వచ్చునా అని తల్లినడిగి తెలిసికొందురు. బడి పంతులుగారి లేఖ, అంగన్‌వాడీ కార్యకర్త వ్రాసిన నాలుగు పంక్తులు ఆ ప్రశ్నలకు బలమిచ్చును. ఇంటిలో ఒక నోటుపుస్తకము పెట్టి, ఒక నెలపాటు ప్రతిదినము ఏ పనికి ఎవరి సాయము కావలసివచ్చినదో తేదీతో వ్రాసికొనుట మంచి అలవాటు. పరీక్షగదిలో ఆందోళనవలన మరచిపోవు సంగతులను ఆ పుస్తకము జ్ఞాపకము చేయును.

ఇట్లు కూడిన కాగితములను తేదీ వరుసలో పేర్చి, సంఖ్యలు వేసి, మీద ఒక పుటలో పట్టిక వ్రాయవలెను. అసలు కాగితములు మన దగ్గర నుంచుకొని నకళ్ళు ఇచ్చి, ఇచ్చినట్లు రసీదు పొందవలెను. అసలువానిని పరీక్షనాడు వెంట తీసికొని పోవలెను. ఊతకర్ర, కాలిపర్‌, వినికిడి యంత్రము, కంటద్దములు ఏవి రోజును వాడుదురో వానితోనే పోవలెను. రోగి సంగతులు తెలిసినవారొకరు తోడుండవలెను. మన ప్రజలలో, ముఖ్యముగా వృద్ధులలో, పెద్దలయెదుట బాధ చెప్పుకొనుట చిన్నతనమను భావమున్నది. ‘ఎట్లున్నావు తాతా?’ అని డాక్టరుగారడుగగా ‘మీ దయవలన బాగానే యున్నాను బాబూ’ అని నమస్కరించు తాతలు ఎందరో కలరు. మర్యాదకై అన్న ఆ మాట కాగితముమీద వేరొక అర్థము నిచ్చును. ఉన్నదున్నట్లు చెప్పుట అమర్యాద కాదు.

అట్లే లేనిది చెప్పుటయు తగదు. కదలు చేతిని కదలదని చూపినచో అనుభవము గల వైద్యుడు గ్రహింపకపోడు. అటుపిమ్మట నిజమైన లోపమును గూడ అనుమానముతో చూచును. దివ్యాంగులకు ఉద్దేశించిన ప్రయోజనమును మోసముతో పొందినవారికి రెండేండ్ల వరకు ఖైదు గాని, లక్ష రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చునని చట్టములోని 91వ సెక్షను చెప్పుచున్నది. నిజమునకు మించిన సాక్ష్యము లేదన్న మాట ఇచ్చట నీతి మాత్రమే కాదు, ఉపాయము కూడను.

అప్పీలు చేయగలదానికి ఒక హద్దున్నదని గూడ చెప్పుట మా విధి. ఒక కన్ను పూర్తిగా పోయి రెండవ కన్ను బాగుగా నున్నవారికి మార్గదర్శకములు 30 శాతమునే ఇచ్చినవి. అట్టివాడు ఎన్ని రిపోర్టులు తెచ్చినను ఆ అంకె పెరుగదు. అది కొలతలోని తప్పు కాదు, నియమమే అట్లున్నది. కొలత తప్పైనచో అప్పీలు. నియమము కఠినమైనచో శాసనకర్తలకు విన్నపము. ఏది ఏదో తెలియక పేదవాడు ఒక ఆసుపత్రినుండి మరియొక ఆసుపత్రికి తిరిగి బస్సుచార్జీలకు అప్పుచేయుట చూచినచో బాధ కలుగుచున్నది.

ఈ పనిలో సాయము చేయువారు కలరు. న్యాయసేవల సంస్థలను గూర్చిన 1987 నాటి చట్టము దివ్యాంగులకు ఉచిత న్యాయసహాయమును హక్కుగా ఇచ్చినది. దానికి జిల్లా కేంద్రములోని న్యాయసేవాధికార సంస్థను అడుగవలెను. రాష్ట్రములో దివ్యాంగుల కమిషనరుకు ఫిర్యాదు చేసికొనుటకును చట్టములో అవకాశమున్నది. కాని అన్నిటికంటె దగ్గరి సాయము ఊరిలోనిదే. చదువుకొన్న యువకుడొకడు సాయంకాలము ఒక గంట కూర్చుండి, ఒక వృద్ధుని కాగితములను తేదీ వరుసలో పేర్చి, ఒక పుట పట్టిక వ్రాసి పెట్టినచో, అది వేయి ఓదార్పు మాటలతో సమానము. చికిత్స చేయు వైద్యుడు రెండు నిమిషములు ఎక్కువ తీసికొని, కీలు కదలికను డిగ్రీలలో వ్రాసినచో, ఆ రెండు నిమిషములు ఒక కుటుంబమునకు ఏండ్ల తరబడి అన్నము పెట్టవచ్చును.

లోపమున్న మనిషి తన లోపమును పదే పదే ఋజువు చేసికొనవలసి వచ్చుట సులభమైన సంగతి కాదు. ప్రతి పరీక్షయు అతనికి తాను చేయలేని పనులను మరల వరుసగా లెక్కపెట్టి చూపును. ఆ భారమును పూర్తిగా తొలగించుట మన చేతిలో లేకపోవచ్చును. అతడు చెప్పవలసినది కాగితము ముందుగనే చెప్పియుంచునట్లు చేయుట మాత్రము మన చేతిలో నున్నది. నేటి రాత్రియే పెట్టె తెరచి, ఇంటిలోని ఆసుపత్రి కాగితములను ఒక్కచోటికి చేర్చుడు. పని అచ్చటనే ఆరంభమగును.